ఆకాశమార్గాన రెండు గంటల యాభై నిమిషాలు

సుదర్శన్‌రావు ముందు ఎవరూ రెండు ఊళ్ల పేర్లు ఒకే మాటలో పలకకూడదు. పలికారో, అయిపోయారు. ఆ రెండూళ్ల మధ్య ఆకాశమార్గాన ఎన్ని మైళ్లు, విమానంలో ఎన్ని గంటల ఎన్ని నిమిషాలు అన్నది చెప్పేదాకా ఆయన గొంతులో ముల్లు గుచ్చుకున్నట్టు గింజుకునేవాడు. చెప్పాక హాయిగా ఊపిరి పీల్చుకుని, "ఆఁ, ఇంతకూ మీరేమంటున్నరు?" అని అడిగేవాడు. అప్పటికి ఎదుటివాడు ఏం చెప్పబోయాడో మరిచిపోయి ఉండేవాడు.

ఇంతా చేసి ఆయన విమానం ఎక్కినవాడు కాదు. ఎక్కడం మాట అటుంచి, దగ్గరనుంచి చూసినవాడు కూడా కాదు. బెల్లంపల్లిలో ఒక బొగ్గుబాయి సర్వే ఆఫీసులో నక్షాలు గీసే ఉద్యోగం ఆయనది. నేల కింద ఏ సొరంగం ఎటు పోయిందో, ఎంత పోయిందో పగలంతా కాగితం మీద గీసేవాడు. సాయంత్రం ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, ఆకాశం కొలవడానికి కూర్చునేవాడు. నిజాం రాజ్యం పోయిన ఏడాది ఒక దొర ఇంజనీరు తట్టాబుట్టా సర్దుకుని వెళ్తూ, బరువెందుకని ఒక అట్లాసునూ ఒక విమానాల టైంటేబులునూ ఈయనకిచ్చి పోయాడు. అందులో డకోటా విమానం గంటకు నూట అరవై మైళ్లు పోతుందని ఉంది. ఆ ఒక్క ముక్క పట్టుకుని సుదర్శన్‌రావు పద్నాలుగేళ్లుగా లోకమంతా ఎగురుతున్నాడు.

ఆయన బామ్మర్ది జగన్మోహన్‌రావు కరీంనగర్ వాడు. బెల్లంపల్లి బడికి భూగోళం చెప్పే టీచరుగా వేశారని, ఇందిరక్క ఇల్లు ఉండగా వేరే గది ఎందుకని, అరవై ఒకటి జూన్‌లో ట్రంకుపెట్టెతో బయల్దేరాడు. పొద్దున ఆరింటికి కరీంనగర్‌లో బస్సెక్కి, పెద్దపల్లిలో దిగి, రైలు కోసం కూర్చుని కూర్చుని, మధ్యాహ్నం మూడింటికి బెల్లంపల్లిలో దిగాడు. ప్లాట్‌ఫారం మీద బావ ఎదురొచ్చాడు. అవ్వ మంచిగున్నదా, బాపు మంచిగున్నడా అని అడగలేదు.

"జగనూ, కరీంనగర్ నుంచి ఇక్కడికి ఆకాశంల నలభై తొమ్మిది మైళ్లు. డకోటల పద్దెనిమిది నిమిషాలు. నువ్వు తొమ్మిది గంటలు చేసినవు. ఎందుకట్ల?" అన్నాడు, తప్పు బామ్మర్దిదే అయినట్టు.

"బెల్లంపల్లిల విమానం దిగే జాగేడున్నది బావా?"

"దిగే సంగతి మనకెందుకు? పోయే సంగతి మాట్లాడు."

పెట్టె మోస్తున్న కూలీ కిసుక్కున నవ్వాడు. జగన్మోహన్‌రావుకు బెల్లంపల్లిలో కలిగిన మొదటి సిగ్గు అది. తరువాత సిగ్గుపడని వారం లేదు.

ఆ మాఘంలో మంథనిలో బంధువుల పెళ్లి. పెళ్లికొడుకు గొడుగు పట్టుకుని, కొత్త చెప్పులు తొడుక్కుని, కాశీకి పోతానని అలిగి బయల్దేరాడు. పెళ్లికూతురి తమ్ముడు బెల్లంముక్క పట్టుకుని బతిమాలడానికి సిద్ధంగా ఉన్నాడు. సరిగ్గా అప్పుడు జనంలోంచి సుదర్శన్‌రావు గొంతు వినిపించింది.

"కాశీ ఈడికెల్లి అయిదువందల అయిదు మైళ్లు. విమానంల మూడు గంటల పది నిమిషాలు."

పెళ్లికొడుకు ఆగాడు. గొడుగు దించి, "మూడు గంటలేనా?" అన్నాడు.

"మూడే, మీద పది నిమిషాలు. పొద్దుగాల పోతె పగటీలి బువ్వకు తిరిగొస్తవు."

"అయితే నిజంగనే పోయొస్త," అన్నాడు పెళ్లికొడుకు ఉత్సాహంగా. చుట్టూ ఉన్నవాళ్లు విరగబడి నవ్వారు. పెళ్లికూతురు తండ్రి మాత్రం నవ్వలేదు. ముహూర్తం దాటుతోందని పురోహితుడు గడియారం చూసుకుంటుంటే, ఆయన జగన్మోహన్‌రావు వైపు తిరిగి, "మీ బావేనా?" అని అడిగాడు. జగన్మోహన్‌రావు తలకాయ అడ్డంగానో నిలువుగానో ఊపాడు. ఎటు ఊపాడో ఆయనకే తెలియదు.

బాసర వెళ్లినప్పుడు ఇంకా అన్యాయం. గోదావరిలో స్నానం చేసి, తడి గుడ్డలతో గుడి వరసలో నిలుచున్నారు. పూజారి అమ్మవారి వాహనం హంస అని ఎవరికో చెబుతున్నాడు. సుదర్శన్‌రావు వరస దాటి ముందుకు పోయాడు.

"అయ్యగారూ, హంస గంటకు ముప్పై అయిదు మైళ్లకంటె ఎక్కువ పోదు. అమ్మవారు కాశ్మీరం పోవాలంటె వెయ్యిన్ని అర్వయి ఏడు మైళ్లు. ముప్పై గంటలు పడ్తది. నడుమ ఒకరోజు ఏడనన్న ఆగాలె."

పూజారి ఒక్క క్షణం ఆలోచించి, "ఆగుతది తియ్యి," అని అందరికీ ఒక చెంచా పోసిన తీర్థం ఆయనకు మూడు చెంచాలు పోశాడు. జ్వరమొచ్చిన మనిషికి పోసినట్టు పోశాడని జగన్మోహన్‌రావుకు అనిపించింది. స్తంభం చాటుకు పోయి, తాను ఎవరో తనకే తెలియనట్టు నిలుచున్నాడు.

అన్నింటికంటే పెద్ద దెబ్బ బళ్లో తగిలింది. ఇన్‌స్పెక్టరు వచ్చి, జగన్మోహన్‌రావు క్లాసులో ఒక పిల్లను లేపి, "హైదరాబాదుకూ ఢిల్లీకీ నడుమ ఏమేం నదులున్నయి?" అని అడిగాడు. ఆ పిల్ల చేతులు కట్టుకుని, సుదర్శన్‌రావు దగ్గర విన్నది అప్పజెప్పినట్టు, "ఏడువందల ఎనభై మైళ్లు సార్. డకోటల నాలుగు గంటల యాభై రెండు నిమిషాలు సార్," అంది.

"నదులమ్మా?"

"పైనుంచి పోతం గదా సార్, నదులు అడ్డం రావు."

క్లాసంతా గొల్లుమంది. ఇన్‌స్పెక్టరు రిపోర్టులో ఏం రాశాడో గాని, ఆ రోజునుంచి బళ్లో పిల్లలు భూగోళం సారును 'విమానం బామ్మర్ది' అని పిలవడం మొదలుపెట్టారు. ఆయన బోర్డు వైపు తిరిగితే చాలు, వెనక వరసలోంచి విమానం పోతున్న చప్పుడు వచ్చేది.

అక్కతో చెప్పుకున్నాడు. "అక్కా, జర బావకు చెప్పరాదే. ఊరంత నవ్వుతుండ్రు."

ఇందిరాదేవి బియ్యం చెరుగుతూ, "నవ్వితె నవ్వనీ. ఏడిపిస్తలేడు గదా," అంది. ఆమెకు పద్దెనిమిదేళ్ల అలవాటు. పెళ్లయిన కొత్తలో ఆయన అందరి భూములూ కొలిచేవాడట, తరువాత ఆకాశానికి ఎక్కాడట. నయమే, ఇంట్లోకి బురద కాళ్లతో రావడం తగ్గిందని ఆమె సంతోషం.

ఆదివారం పొద్దున బాయి మనుషుల క్లబ్బు అరుగు మీద సుదర్శన్‌రావు దర్బారు నడిచేది. బెల్లంపల్లి అన్ని దిక్కుల మనుషులున్న ఊరు. గోరఖ్‌పూర్ నుంచి వచ్చి బొగ్గు కొట్టేవాళ్లు, మలబారు నుంచి వచ్చిన దవాఖాన నర్సమ్మలు, ఒడిశా వాళ్లు, మరాఠీ వాళ్లు. చాయ్ తాగుతూ ఒక్కొక్కరే వచ్చి అడిగేవారు. అడిగిన ప్రశ్నే మళ్లీ అడిగేవారు. ఆయన చెప్పిన జవాబే మళ్లీ చెప్పేవాడు.

"రావుసాబ్, గోరఖ్‌పూర్?" అని అడిగేవాడు పైల్వాన్. అతని అసలు పేరు ఊళ్లో ఎవరికీ తెలియదు. ఆరడుగుల మనిషి, కొద్దిగా కుంటుతూ నడుస్తాడు.

"రెండు గంటల యాభై నిమిషాలు."

పైల్వాన్ తృప్తిగా మీసం దువ్వుకుని పోయేవాడు. మలబారు నర్సమ్మ వచ్చేది. "రావుసార్, కొట్టాయం?"

"రెండు గంటల యాభై నిమిషాలమ్మా."

మల్లక్క వచ్చేది. బొగ్గులోంచి రాళ్లేరే పని ఆమెది. తల్లీతండ్రీ పోతే తమ్ముడు ఎల్లేశాన్ని తనే పెంచింది. వాడు పటాలంలో చేరి లారీ తోలుతున్నాడు. అరవై రెండు అక్టోబరులో చైనాతో లడాయి మొదలయ్యాక వాడినుంచి కార్డు ముక్క లేదు. వాడున్నది తేజ్‌పూర్ అన్న పేరొక్కటే ఆమెకు తెలుసు, అది అస్సాంలో ఉందని కూడా తెలియదు.

"తేజుపూరుకు ఎంతసేపు రావుసాబ్?"

"రెండు గంటల యాభై నిమిషాలు మల్లక్కా. గంతే."

"గంతేనా? అయితె గింత దూరమే," అని ఆమె కొంగు బిగించుకుని పనిలోకి పోయేది.

ఒక ఆదివారం జగన్మోహన్‌రావు పక్కనే కూర్చుని పేపరు చదువుతున్నాడు. చెవిన పడ్డ మాటలు ఎక్కడో తేడాగా తగిలాయి. ఉత్తరాన గోరఖ్‌పూర్, దక్షిణాన కొట్టాయం, ఎక్కడో తూర్పు మూలన తేజ్‌పూర్. మూడూ ఒకే దూరమెట్లా అవుతాయి? ఇంటికి పోయి అట్లాసు తీసి, స్కేలు పెట్టి కొలిచాడు. గోరఖ్‌పూర్ మూడు గంటల నలభై. కొట్టాయం నాలుగుంబావు. తేజ్‌పూర్ ఆరు గంటల పదిహేను నిమిషాలు.

బావ లెక్క తప్పు! పెళ్లిలో తప్పలేదు, గుళ్లో తప్పలేదు, ఇన్‌స్పెక్టరు ముందు పిల్ల చెప్పిందీ తప్పలేదు. ఇక్కడ మాత్రం తప్పింది. జగన్మోహన్‌రావు ఆనందానికి అంతులేదు. ఏడాదిన్నరగా దించిన తల ఎత్తుకునే రోజు వచ్చిందనుకున్నాడు. అందరి ముందూ ఒక్కసారి లెక్క తప్పని తేల్చితే, ఇక జన్మలో ఆయన నోరెత్తడు. విమానం చప్పుడు ఆగిపోతుంది.

మరుసటి ఆదివారం అట్లాసూ స్కేలూ పట్టుకుని క్లబ్బుకు పోయాడు. యాభై మంది దాకా ఉన్నారు. అప్పుడే మల్లక్క అడగడం, సుదర్శన్‌రావు చెప్పడం అయింది.

"తప్పు బావా," అన్నాడు జగన్మోహన్‌రావు, క్లాసులో అన్నట్టు గట్టిగా. అట్లాసు విప్పి బల్ల మీద పరిచాడు. "అందరు చూడుండ్రి. తేజ్‌పూర్ తొమ్మిదివందల తొంభై అయిదు మైళ్లు. ఆరు గంటల పదిహేను నిమిషాలు. గోరఖ్‌పూర్ మూడు గంటల నలభై. కొట్టాయం నాలుగుంబావు. ఇన్నేండ్లు మీకందరికి తప్పు చెప్పిండు. కావాలంటె కొలుసుకోండ్రి!"

ఎవరూ నవ్వలేదు. జగన్మోహన్‌రావు నవ్వు కోసం ఎదురుచూశాడు. రాలేదు. ఎవరిదో కప్పూ సాసరూ టక్కుమన్న చప్పుడు మాత్రం వినిపించింది.

సుదర్శన్‌రావు అట్లాసు వైపు చూడనే లేదు. కండువా భుజాన వేసుకుని లేచాడు. "సారు చెప్పిందే కరెక్టు," అన్నాడు మెల్లగా. "భూగోళం చదివినోడు. ఇగ మీదట ఆయన్నే అడుగుండ్రి." మెట్లు దిగి ఇంటి దారి పట్టాడు. మల్లక్క ఆయన వెనకే రెండడుగులు వేసి ఆగిపోయింది. తరువాత చేతివేళ్లు మడుస్తూ ఆరు లెక్కపెట్టుకుంది. ఆ ఆరో వేలు మడవడం జగన్మోహన్‌రావు చూశాడు.

పైల్వాన్ దగ్గరకొచ్చి అట్లాసు మూసి, జాగ్రత్తగా ఆయన చేతిలో పెట్టాడు.

"సారు, నేను ఈడికి రైల్ల నాలుగు దినాలు కూసొని వచ్చిన. గోరఖ్‌పూర్ ఎంత దూరమో నాకు తెల్వదా?"

పైల్వాన్ బల్ల అంచున కూర్చుని, కుంటికాలు చాపి చూపించాడు.

"యాభై ఒకటిల కప్పు కూలి నా కాలు ఇరిగింది. దవాఖానల పండుకున్న. రావుసాబు వచ్చి కూసుండు. నా ఇంటామె ఎప్పుడొస్తదని అడిగిన. ఆయన లెక్క మనిషి గదా, సాఫ్ చెప్పిండు. ఉత్తరం పోను అయిదు దినాలు, ఆమె రాను నాలుగు దినాలు, తొమ్మిది అన్నడు. నేను గోడ దిక్కు తిరిగి పండుకున్న. రెండు దినాలు బువ్వ ముట్టలే. మూడో దినం రావుసాబు చంకల పుస్తకం పెట్టుకొని ఉరుక్కుంట వచ్చిండు. 'పైల్వాన్, తొమ్మిది దినాలు కాదు, రెండు గంటల యాభై నిమిషాలు' అన్నడు. విమానమట! నా తాత ముత్తాత ఎక్కిండ్రా విమానం? ఎంత నవ్వొచ్చిందో సారు. పక్కలు నొచ్చేదాక నవ్విన. నవ్వి నవ్వి ఆకలైంది. బువ్వ తెమ్మన్న."

నర్సమ్మ పక్కనుంచి, తన మలయాళపు యాసలో, "ఇప్పుడూ ఆయన రోజూ వార్డుకు వస్తారు సార్. పేషెంటు ఊరు అడుగుతారు. ఏ ఊరైనా మూడు గంటలు దాటదు. మేం మందులతో పాటు అదీ ఇస్తాం," అంది.

"మాకందరికి ఎర్కనే సారు," అన్నాడు పైల్వాన్. కోపం లేకుండా అన్నాడు. కోపంగా అని ఉంటే జగన్మోహన్‌రావుకు కొంత నయంగా ఉండేది.

ఇన్నాళ్లూ పడ్డ సిగ్గంతా ఒక లెక్క, ఆ రోజు పడ్డది ఒక లెక్క. అప్పటిదాకా ఇంకొకరి మూలంగా సిగ్గుపడ్డాడు, దాన్ని పంచుకోవడానికి ఒక మనిషి ఉన్నాడు. ఇది మాత్రం అచ్చంగా తనదే. క్లబ్బునుంచి ఇంటికి అయిదు నిమిషాల నడక. ఆయన రైలుకట్ట మీదుగా తిరిగి గంటన్నరకు చేరాడు. అక్క అన్నం వడ్డించింది. చారు మాత్రం వెయ్యలేదు, అడిగే ధైర్యం ఈయనకు లేదు.

సుదర్శన్‌రావు మౌనం పట్టాడు. ఇంట్లో రేడియో "ఢిల్లీ నుంచి కలకత్తాకు" అంటే కూడా కదలలేదు. ఇందిరాదేవి భయపడిపోయింది. వంటింట్లోంచి ఉన్నట్టుండి, "మద్రాసు! బొంబాయి!" అని కేకవేసి చూసింది. "లండను! రంగూను!" అంది. ఆయన గొంతులో ఏదో కదిలినట్టయింది గాని, మంచినీళ్లు తాగి మింగేశాడు.

"బావా, తప్పయింది," అన్నాడు జగన్మోహన్‌రావు మూడుసార్లు, మూడు వేర్వేరు రోజుల్లో.

"నీదేం తప్పు? లెక్క సరిగ్గనే చెప్పినవు," అని మూడుసార్లూ ఒకే జవాబు వచ్చింది. అంతకంటే తిట్టి ఉంటే బాగుండేది. ఆదివారాలు క్లబ్బు అరుగు ఖాళీగా ఉండేది. భూగోళం సారును అడగడానికి ఒక్కరూ రాలేదు. బళ్లో పిల్లలు కూడా, ఎవరు చెప్పారో ఏమో, విమానం చప్పుడు మానేశారు. ఆ నిశ్శబ్దంలో పాఠం చెప్పడం ఆయన వల్ల కాలేదు.

లడాయి ఆగిందని రేడియోలో చెప్పాక మూడో ఆదివారం, పొద్దున తొమ్మిదింటికి మల్లక్క ఇంటికే వచ్చింది. చేతిలో కార్డు ముక్క.

"సారూ, ఉత్తరమొచ్చింది! మా ఎల్లేశం బతికే ఉన్నడు. సలికి రెండు వేళ్లు చెడ్డయట, తేజుపూరు దవాఖానల ఉన్నడట. రావుసాబేడి?"

సుదర్శన్‌రావు లోపలి గదిలో గడ్డం గీసుకుంటున్నాడు. అక్కడినుంచే, "సంతోషం మల్లక్కా. ఏదన్నుంటె సారును అడుగు," అన్నాడు.

మల్లక్క గడపలో కూలబడి జగన్మోహన్‌రావు వైపు చూసింది. కార్డు మోకాళ్ల మీద పెట్టుకుని అరచేత్తో సాఫు చేసింది.

"అయితె నువ్వే చెప్పు సారు. వాని కాడికి విమానంల ఎంతసేపు?"

ఆరు గంటల పదిహేను నిమిషాలు. ఆ అంకె ఆయన కంటి ముందు బోర్డు మీద రాసినట్టు కనిపించింది. ఆమె వేళ్ల వైపు చూశాడు. జీవితంలో లెక్క తప్పు చెప్పి ఎరుగడు. ఎంత తగ్గించాలో, ఎక్కడ ఆగాలో తెలియలేదు. కళ్లు మూసుకుని, "గంట… ఒక గంట మల్లక్కా. ముప్పావు గంట అనుకో," అన్నాడు.

మల్లక్క నోరు తెరిచి చూసింది. తరువాత కొంగు నోట కుక్కుకుని నవ్వడం మొదలుపెట్టింది. "ముప్పావు గంటనా? అయ్యో సారూ! ముప్పావు గంటల మా బస్సు ఆసిఫాబాదుకే పోదు. గట్ల చెప్తె ఎవలన్న నమ్ముతరా? గంత సదువుకున్నవు, జర నమ్మేటట్టు చెప్పుడు రాదు నీకు?"

లోపల కత్తి కింద పెట్టిన చప్పుడయింది. ఒక చెంప నున్నగా, ఒక చెంప నిండా సబ్బు నురగతో సుదర్శన్‌రావు గుమ్మంలోకి వచ్చాడు. మూడు వారాలు బిగబట్టిన మనిషి, ఆగలేకపోయాడు.

"ముప్పావు గంటేంది జగనూ, ఇజ్జత్ తీస్తివి! గంత జోరుగ పోతె డకోట రెక్కలు ఊడుతయి," అని మల్లక్క వైపు తిరిగాడు. "రెండు గంటల యాభై నిమిషాలు."

మల్లక్క ముఖం విప్పారింది. వెంటనే ఆశ కూడా పుట్టింది. "ఇంకో పది నిమిషాలు తగ్గదా రావుసాబ్?"

"తగ్గది," అన్నాడు సుదర్శన్‌రావు, మీసం మీది నురగ తుడుచుకుంటూ, ఎంతో గంభీరంగా. "లెక్క లెక్కనే. నేను అబద్ధమాడను."

మల్లక్క సాక్ష్యం కోసం జగన్మోహన్‌రావును చూసింది. ఆయన లేచి, చొక్కా గుండీ సరిచేసుకుని, బళ్లో నిలుచున్నట్టు నిటారుగా నిలుచున్నాడు.

"నిజమే మల్లక్కా," అన్నాడు. "నేను సుత స్కేలు పెట్టి కొలిచిన. ఒక్క నిమిషం అటూ ఇటూ లేదు."